లంగరేసిన దీవులు

డాల్ఫిన్ కొండ ముక్కు దాటాక
ఫోన్లో గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి.
అప్పటికి ఆరో ఓవరు.
ఆంటిగ్వాలో రాత్రి, మా లాంచీలో తెల్లారి,
కాళ్ల కింద పూర్ణా మార్కెట్ గోనెలు,
నా ఒళ్లో కార్బన్ కాయితాల బిల్లు పుస్తకం.

సూరాడ నూకన్న చుక్కాని కాలితో తొక్కిపట్టి
బీడీ ముట్టించుకుంటూ అడుగుతాడు:
"ఆ దీవిలో ఏటి సేపలు పడతాయి, బావూ?"
నాకేం తెలుసు.
నాకు పాయింట్ల పట్టిక తెలుసు,
ఉల్లిపాయల రేటు తెలుసు.

బయట లంగరు మీద తొమ్మిది ఓడలు.
రాత్రి బీచి రోడ్డు నుంచి చూస్తే
పెళ్లివారు విప్పడం మరిచిపోయిన దీపాల తోరణం.
దగ్గరికెళ్తే తుప్పు,
పైనుంచి తాడు, తాడు చివర కేక.

మొదటి దీవి లంకవాళ్లది.
గోనె కట్టకముందే స్కోరు దింపుతారు.
వాళ్ల జట్టు ఓడిన రోజున
తాడు కూడా మెల్లగా దిగుతుంది.
రెండోది చిట్టగాంగు కుర్రాళ్లది.
"నో బాల్! అది నో బాల్!" అని ఓసారి
నూకన్న మీద విరుచుకుపడ్డారు,
అంపైరు ఈయనే అయినట్టు.
ఆయన తలొంచుకుని తప్పు ఒప్పేసుకున్నాడు.
మూడో ఓడలో ఉక్రెయిన్ మనుషులు.
స్కోరెంత అని గాలిలో బ్యాటు ఊపి చూపిస్తే
చేపను కొట్టే కర్ర అనుకున్నారు కాబోలు,
జాలిపడి రెండు గ్లాసుల కాఫీ పోశారు.
ఈ దీవిలో జనావాసం లేదని
బిల్లు వెనక రాసుకున్నాను.

నాలుగోది బొగ్గు ఓడ. దాని వంటవాడు
కత్‌బర్ట్, బార్బడోస్ వాడు.
నూకన్న నోట్లో పడి ఆ పేరు
కొత్తబట్ట అయింది.
"కొత్తబట్టా! ఎంతకెన్ని?"
రెయిలింగు మీద మోచేతులాన్చి
అతను వేళ్లతో చెప్పేవాడు.
ఎనిమిది నెలలైందట ఇల్లు వదిలి.
టీవీలో అతను చూసేది ఆట కాదు,
సిక్సరు స్టాండు దాటి ఎగిరినప్పుడు
వెనకాల ఒక్క క్షణం కనబడే
పసుపు గోడ, బస్సు స్టాపు.
"అక్కణ్ణించి మూడో సందు మా చెల్లెలిది."
అనేసి, బెండకాయలు ఇంకో రెండు కిలోలు రాయమన్నాడు.
మొక్కజొన్న పిండిలో బెండకాయ వేసి
కెలుకుతారట వాళ్ల దీవిలో.
"సంకట్లో బెండకాయా?"
నూకన్న సముద్రంలోకి ఉమ్మాడు.
ఆ తర్వాత చాలాసేపు
దాని గురించే ఆలోచిస్తున్నట్టున్నాడు.

అలా మూడు వారాలు.
సెయింట్ లూసియా, ట్రినిడాడ్, గయానా.
(గయానా దీవి కాదంటే నూకన్న నమ్మలేదు.
"మరి ఓడెలా వొచ్చింది?" అన్నాడు.)
వీసా లేకుండా తిరిగాను అన్నీ,
జెట్టీకి ఐదు మైళ్లలోనే,
చొక్కా నిండా డీజిలు వాసనతో.

ఫైనల్ బార్బడోస్‌లో.
ఆ తెల్లారి మేం వెళ్లేసరికి
బొగ్గు ఓడ లేదు.
రాత్రే పారదీప్‌కి మళ్లించారట.
నీళ్ల మీద నూనె మరక,
నాలుగు ఉల్లిపొట్టు రేకులు.
నూకన్న ఇంజను ఆపేశాడు.
"ఇక్కడే కదా దీవి."
లాంచీ ఉన్నచోటే ఊగింది.
దూరంగా మిగతా ఓడల్లోంచి కేకలు.
సంతోషమో ఏడుపో
గాలి విడమరచి చెప్పలేదు.

తిరిగొస్తుంటే, కొండ ముక్కు దగ్గర
జేబులో ఫోన్ వణకడం మొదలెట్టింది, ఆగకుండా.
తీయబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.
"జెట్టీ దాకా ఉండనీ, బావూ.
ఇప్పటికింకా ఎవుడూ ఓడిపోనేదు."

బెండకాయల సంచి ఏ పద్దులోనూ పడని సరుకు.
ఆయనే ఇంటికి పట్టుకెళ్లాడు.
మర్నాడు అడిగితే
"ఇంట్లోది నవ్వీసింది. గుంటలు ముట్టుకోనేదు.
నాను తిన్నాను" అన్నాడు
ఇంజను హ్యాండిలు తుడుస్తూ.
"జిగురు. బాగానే ఉంది.
ఉప్పు సాల్నేదు."